ఒంట్లోనే లంక

రామాయణమంతా ఒక్క శ్లోకంలో ఇమడ్చమంటే, శంకరాచార్యుల పేరున ఉన్న ‘ఆత్మబోధ’ ఆ పని ఎప్పుడో చేసేసింది. అందులో సముద్రం మోహం, రాక్షసులు రాగద్వేషాలు, సీత శాంతి. ఆ సముద్రం దాటి, ఆ రాక్షసులను చంపి, శాంతిని చేరుకున్న యోగే రాముడు. అయోధ్యా లంకా రెండూ వినేవాడి ఒంట్లోనే ఉన్నాయన్నమాట.

ఇంతవరకే అయితే ఇది పోలికల ఆట. రావణుడి పది తలలూ పది ఇంద్రియాలని చెప్పి హరిదాసు చప్పట్లు కొట్టించుకోవచ్చు; శ్రోతకు చేయడానికంటూ ఏమీ మిగలదు. బ్రహ్మాండ పురాణంలో భాగంగా చెప్పుకునే ‘అధ్యాత్మ రామాయణం’ అక్కడితో ఆగలేదు. కథను కథగానే ఉంచి, ఇదంతా అసలు ఎవరికి జరిగిందని అడిగింది.

రామహృదయ ఘట్టమే చూడండి. పట్టాభిషేకం అయిపోయింది. ఎదురుగా చేతులు జోడించి నిలబడ్డ హనుమంతుడికి తత్త్వం చెప్పమని రాముడు సీతకు పురమాయిస్తాడు. తానే మూలప్రకృతినంటూ మొదలుపెడుతుంది ఆవిడ. విల్లు విరవడం మొదలు రావణవధ దాకా అన్నీ తన పనులేనట. రాముడు నడవలేదు, ఏడవలేదు, అసలు కదలనే లేదట. సముద్రం దూకి వచ్చినవాడితోనా ఈ మాట!

వెంటనే రాముడు చెరువు ఉదాహరణ అందుకుంటాడు. అంతటా పరుచుకున్న ఆకాశం ఒకటి, చెరువు మేరకు ఉన్న ఆకాశం ఒకటి, నీళ్లలో కనబడే నీడ ఆకాశం ఇంకొకటి. ‘నేను చేశాను, నేను ఏడ్చాను’ అంటున్నది ఆ మూడోదే. అది ఉత్త నీడని తేలిపోతే, మొదటిదానికీ రెండోదానికీ మధ్య చెరువు గట్టు తప్ప తేడా ఏముంది?

ఉత్తరకాండలోని రామగీతలో లక్ష్మణుడికి సాధన కూడా చెబుతాడు. ఓంకారంలో అకారం మెలకువకు, ఉకారం కలకు, మకారం గాఢనిద్రకు చెందినవి. ఒకదాన్ని తర్వాతి దాంట్లో కలుపుకుంటూ పోయి, చివరికి మకారాన్నీ చైతన్యంలో లయం చేయాలి. మాండూక్యోపనిషత్తు చదివినవారికి ఈ దారి తెలిసిందే.

కథను ఇలా తత్త్వంగా చెప్పే పద్ధతికి మూల్యం లేకపోలేదు. అరణ్యకాండలో రాముడు సీతను ముందుగానే అగ్నిలో దాగమంటాడు. రావణుడు ఎత్తుకుపోయింది మాయాసీతను. అగ్నిపరీక్ష అసలు సీత తిరిగి రావడానికి సాకవుతుంది. వేదాంతానికి చక్కగా అతికింది కానీ, వాల్మీకి సీత నిప్పు ముందు పడ్డ అవమానం ఇందులో మాయమైపోయింది. అది చిన్న నష్టం కాదు.

అయినా ఈ గ్రంథం దేశమంతా పాకింది. తులసీదాసు మాయాసీత కథను తీసుకున్నాడు. ఎళుత్తచ్ఛన్ మలయాళ అధ్యాత్మ రామాయణాన్ని కేరళ ఇళ్లలో కర్కాటక మాసమంతా చదువుతారు. తెలుగులో 18వ శతాబ్దపు మునిపల్లె సుబ్రహ్మణ్య కవి దీన్ని కీర్తనలుగా కట్టాడు. అద్వైతం ఆడవాళ్ల పాటల్లోకి దిగింది. ఓరుగల్లు కవి పరశురామపంతుల లింగమూర్తి అయితే రామహృదయంలోని సీతా రామ హనుమంతుల మాటలనే ‘సీతారామాంజనేయ సంవాదం’గా పెంచాడు. అందులో యుద్ధాలు ఉండవు. తారకం, సాంఖ్యం, అమనస్కం అనే మూడు యోగాలు ఉంటాయి.