పలికిన తీరే ఆనవాలు

నెట్‌వర్క్ బాధ్యత కొత్తగా తీసుకున్న చోటల్లా ముందు చేతికిచ్చేది ఒక ఎక్సెల్ షీటు. ఏ గదిలో ఏ యంత్రం ఉంది, అందులో విండోసా లైనక్సా, ఎప్పుడు కొన్నారు, అన్నీ వరసలు కట్టి ఉంటాయి. రాసినవాళ్లు నిజమే రాసి ఉంటారు. కానీ రాసిన మర్నాటి నుంచే యంత్రాలు మారుతుంటాయి. ఎవరో పాత ల్యాప్‌టాప్ తెచ్చి తగిలిస్తారు, కొత్తగా సీసీ కెమెరా రికార్డరు వస్తుంది, డెస్క్‌టాప్ పాడైతే స్టోర్‌రూమ్‌లో పడి ఉన్న ఎక్స్‌పీ యంత్రం మళ్లీ బల్ల మీదికి చేరుతుంది. అందుకే షీటు చదివాక, రాతపూర్వకంగా అనుమతి తీసుకుని స్కాన్ చేస్తాను. అవతలి కంప్యూటరు తెర చూడకుండా, పాస్‌వర్డ్ అడక్కుండా, అది ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తోందో పోల్చుకోవడం నా వృత్తిలో నాకు ప్రాణమైన పని.

కంప్యూటర్లు నెట్‌వర్క్ మీద మాట్లాడుకునే పద్ధతి టీసీపీ. అందులో ఒక్కో కంప్యూటరుకు 65,535 పోర్టులు, అంటే జవాబిచ్చే ద్వారాలు. వాటిలో ఏవి తెరిచి ఉన్నాయో చూస్తేనే సగం ఊహ అందుతుంది. 135, 139, 445 కలిసి కనిపిస్తే విండోస్ అనుకుంటాం. 3389 కూడా ఉంటే దాన్ని ఎవరో దూరం నుంచి వాడుతున్నారనుకుంటాం. 9100 అయితే ప్రింటరు, 62078 అయితే ఐఫోనో ఐప్యాడో. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అది నాకు నచ్చదు. లైనక్స్‌లో విండోస్ తరహాలో ఫైళ్లు పంచే సాంబా పెడితే 139, 445 తెరుచుకుంటాయి. విండోస్ 10లో ఎస్‌ఎస్‌హెచ్ సర్వరు నడిపితే, లైనక్స్ గుర్తనుకునే 22 పలుకుతుంది. సర్వరు తన పేరూ వెర్షనూ చెప్పుకునే బ్యానరును చాలాచోట్ల సెట్టింగుల్లో ఒక్క లైనుతో మార్చేయవచ్చు. ఏ పోర్టు తెరవాలన్నది ఆ యంత్రాన్ని నడిపేవాళ్ల ఇష్టం. జవాబిచ్చే తీరు మాత్రం దాన్ని తయారుచేసినవాళ్ల అలవాటు. నేను ఎక్కువ బరువిచ్చేది ఈ రెండోదానికి.

ఆ అలవాట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియాలంటే 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ సంపాదకత్వంలో వెలువడిన నిబంధనల పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 793 దగ్గరికి వెళ్లాలి. నలభై ఏళ్లపాటు టీసీపీకి మూలగ్రంథం అదే. 2022 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 9293 దాని స్థానంలోకి వచ్చింది. రెండు యంత్రాలు మాట ఎలా కలపాలో, ఎలా ముగించాలో 793 వివరంగా చెప్పింది. కొన్ని అంకెలు ఎంత ఉండాలో, కొన్ని వివరాలు ఏ వరసలో రావాలో చెప్పలేదు. అది చెప్పని చోటల్లా ఒక్కో బృందం తనకు తోచింది రాసుకుంది.

పదిమంది ఒకే పప్పుచారు పెట్టినా పోపులో ఆవాలు ముందా ఎండుమిర్చి ముందా అన్నది ఎవరింటి అలవాటు వాళ్లది. ప్యాకెట్‌లో అదనంగా చేర్చే వివరాల, అంటే టీసీపీ ఆప్షన్ల వరసా అలాంటిదే. సంభాషణ మొదలుపెట్టే సిన్ ప్యాకెట్‌లో లైనక్స్ ముందు ఎంఎస్‌ఎస్ చెబుతుంది, తర్వాత సాక్, ఆపైన టైమ్‌స్టాంప్, ఒక ఖాళీ బైటు, చివర విండో స్కేల్. విండోస్ కూడా ఎంఎస్‌ఎస్‌తోనే మొదలుపెట్టి, ఖాళీ బైటు, విండో స్కేల్, మరో రెండు ఖాళీ బైట్లు వేసి చివర్లో సాక్ పెడుతుంది. టైమ్‌స్టాంప్‌ను మామూలుగా పెట్టనే పెట్టదు. రెండూ నిబంధనల ప్రకారం సరైనవే.

ప్యాకెట్ ఆయుష్షు చెప్పే టీటీఎల్ అంకె ఇంకా సులువు. లైనక్స్, మ్యాక్ 64తో పంపుతాయి, విండోస్ 128తో, సిస్కో రౌటర్లు చాలావరకు 255తో. దారిలో రౌటరు దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. 117తో చేరిందంటే 128తో బయల్దేరి 11 రౌటర్లు దాటిందని, 52తో చేరితే 64తో బయల్దేరి 12 దాటిందని లెక్క. అయితే ఈ అంకెనూ మార్చుకోవచ్చు, కాబట్టి దీన్నొక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

నిబంధనను దాటిన చోట ఆనవాలు మరింత స్పష్టంగా పడుతుంది. తెరిచి ఉన్న పోర్టుకు ఏ సంభాషణకూ చెందని ఫిన్ (ముగింపు) ప్యాకెట్ వస్తే పలక్కుండా ఊరుకోవాలని 793 చెబుతుంది. విండోస్ మాత్రం మాట తెంపేసే రీసెట్ ప్యాకెట్ పంపుతుంది. అలాగే పాత విండోస్ వెర్షన్లు కొన్ని ప్రతి ప్యాకెట్ మీదా వేసే గుర్తింపు సంఖ్యను ఒకటి చొప్పున పెంచేవి గానీ, ఆ రెండు బైట్లను నెట్‌వర్క్ కోరే క్రమంలోకి తిప్పకుండానే పంపేవి. ఇవతల చూసేవాళ్లకు ఆ సంఖ్య 256 చొప్పున పెరుగుతూ కనిపించేది. బైట్లు తిప్పే చిన్న పని ఒకటి ఆ కోడ్‌లో జరగలేదు, అంతే. అది నడిచిన యంత్రాలన్నీ ఆ పుట్టుమచ్చతోనే ప్రపంచమంతా తిరిగాయి. ప్యాకెట్ల మధ్య ఇలాంటి మనిషి జాడ దొరికినప్పుడు నాకు కలిగే సంతోషం ఇన్నేళ్లలో తగ్గలేదు.

వీటిలో కొన్ని గుర్తులు ప్రమాదకరం కూడా. టీసీపీ సంభాషణ ఒక ప్రారంభ సంఖ్యతో మొదలవుతుంది. ఆ సంఖ్యను బయటివాళ్లు ముందే ఊహించగలిగితే, మరొకరి వేషంలో మాట కలపవచ్చని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రాబర్ట్ మోరిస్ 1985లోనే హెచ్చరించాడు. 1994 క్రిస్మస్ రోజున భద్రతా నిపుణుడు సుతోము షిమోమురా కంప్యూటర్ల మీద, హ్యాకర్ కెవిన్ మిట్నిక్ పేరుతో ప్రసిద్ధమైన దాడి సరిగ్గా ఆ దారిలోనే జరిగింది. అక్కడి ఒక యంత్రం కొత్త సంభాషణ మొదలైనప్పుడల్లా ఆ సంఖ్యను 1,28,000 చొప్పున పెంచుతూ పోయేది. 1996లో స్టీవెన్ బెల్లోవిన్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1948 దీనికి విరుగుడు చెప్పింది. ఇప్పుడు పేరున్న వ్యవస్థలన్నీ ఊహకందని సంఖ్యలతోనే మొదలుపెడతాయి. మంచి మరమ్మతు జరిగినప్పుడల్లా మాకొక ఆనవాలు చెరిగిపోతుంది. చెరిగిపోవడమే మేలు.

వీటన్నిటినీ ఒక్కచోటికి తెచ్చినవాడు గోర్డన్ లయన్. దొస్తోయెవ్‌స్కీ మీది ఇష్టంతో ఫ్యోదర్ అనే పేరు పెట్టుకుని, 1997 సెప్టెంబరులో ఫ్రాక్ పత్రికలో ఎన్‌మ్యాప్ అనే స్కానింగ్ సాధనం కోడ్‌ను ప్రచురించాడు. మరుసటి ఏడాది దానికి ఆపరేటింగ్ సిస్టమ్‌ను గుర్తుపట్టే విద్య నేర్పాడు. 2006లో ఆ భాగాన్ని పూర్తిగా తిరగరాశారు. ఇప్పుడది 16 దాకా ప్రత్యేకమైన ప్యాకెట్లు పంపి, వచ్చిన జవాబులను వేల నమూనాలతో పోల్చి చూస్తుంది. ఆ నమూనాల్లో ఎక్కువ భాగం ప్రపంచం నలుమూలల నుంచి వాడకందార్లు పంపినవే. 2003లో వచ్చిన ‘ది మ్యాట్రిక్స్ రీలోడెడ్’ సినిమాలో ట్రినిటీ వాడింది కూడా ఎన్‌మ్యాప్‌నే. ఏ ప్యాకెట్టూ పంపకుండా, దారిన పోయేవాటిని గమనించి మాత్రమే గుర్తుపట్టే పీజీరోఎఫ్‌ను మిహావ్ జలెవ్‌స్కీ 2000లో రాశాడు. అది నాకు మరింత ఇష్టమైన పద్ధతి.

ఎన్‌మ్యాప్ ఇచ్చేది ఊహ. కనీసం ఒక తెరిచిన పోర్టూ ఒక మూసిన పోర్టూ దొరికితేనే ఆ ఊహకు బలం. మధ్యలో ఫైర్‌వాల్ ఉంటే జవాబు దానిదో, దాని వెనక యంత్రానిదో తేల్చుకోవాలి. విండోస్ 10నీ 11నీ పలికే తీరునుబట్టి విడదీయడం చాలాసార్లు కుదరదు. ‘93 శాతం’ అని తెరమీద కనిపించగానే నివేదికలో నిజమని రాసేవాళ్లను నేను గట్టిగానే మందలిస్తాను. పోర్టులు, టీటీఎల్, ఆప్షన్ల వరస, బ్యానరు, అన్నీ ఒకేమాట చెబితే నమ్మండి. ఒకటి ఎదురు తిరిగితే లేచి ఆ గదికి వెళ్లి చూడండి.

యంత్రాల పట్ల కనికరం కూడా ఉండాలి. 9100 పోర్టుకు ఏం పంపినా కొన్ని ప్రింటర్లు కాగితం మీద అచ్చువేస్తాయి. అందుకే ఎన్‌మ్యాప్ వెర్షన్ పరీక్షల్లో 9100 నుంచి 9107 దాకా మామూలుగా వదిలేస్తుంది. ఫ్యాక్టరీల్లోని పాత కంట్రోలర్లు కొన్ని విపరీతమైన ప్యాకెట్లకు బిగుసుకుపోతాయి. వాటి జోలికి వెళ్లేముందు వాటిని నడిపే మనిషితో మాట్లాడి తీరాలి.

ఇంత శ్రమ ఎందుకో తెలియాలంటే 2017 మే 12 గుర్తుచేసుకోవాలి. ఆ రోజు మొదలైన వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ 445 పోర్టు తెరిచి ఉన్న విండోస్ యంత్రాలను తనంతట తానే వెతుక్కుంటూ పాకింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ కొన్ని జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లు దాని బారినపడ్డాయి. వన్నాక్రై వాడుకున్న లోపాన్ని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. దాదాపు రెండు నెలల గడువు ఉంది. అయితే తన దగ్గర ఏయే యంత్రాలున్నాయో తెలియని ఆఫీసుకు గడువు ఉన్నా ఉపయోగం లేదు. ఇప్పుడూ అలాంటి పరిస్థితే: విండోస్ 10కి మామూలు భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మన కాలేజీల్లో, ఆసుపత్రుల్లో, దుకాణాల్లో అది నడిచే యంత్రాలు ఇంకా ఉన్నాయి. వాటిని దాడిచేసేవాళ్ల కన్నా ముందు మనం కనిపెట్టాలి.

ఈ విద్య నేర్చుకునే విద్యార్థులకు ఒక మాట. పరాయివాళ్ల యంత్రాలను అడక్కుండా స్కాన్ చేయొద్దు. అనుమతి లేకుండా, మోసబుద్ధితో ఇతరుల కంప్యూటర్లలో చొరబడితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. స్కాన్ చేయడం చొరబాటు కాదన్న వాదనను కోర్టులో వినిపించే పరిస్థితి మీకొద్దు. సాధన కోసం ఎన్‌మ్యాప్ వాళ్లే స్కాన్‌మీ అనే సర్వరును అందరికీ తెరిచి ఉంచారు. రోజుకు నాలుగైదుసార్లు స్కాన్ చేసుకుంటే వాళ్లకు అభ్యంతరం లేదు. దానితోనూ, మీ ఇంటి రౌటరుతోనూ మొదలుపెట్టండి.