దారికి అడ్డొచ్చిన బంతి

గోల్ఫ్‌లో ముగ్గురు నలుగురు కలిసి ఆడుతున్నా ఎవరి బంతి వారిదే, ఎవరి లెక్క వారిదే. కానీ ఆ బంతులన్నీ చేరాల్సింది నాలుగుంపావు అంగుళాల వెడల్పున్న ఒకే హోల్‌లోకి. అందుకే గ్రీన్ దగ్గరపడేకొద్దీ ఒకరి బంతి మరొకరికి అడ్డం రావడం మామూలే. అప్పుడేం చేయాలన్నది తేలడానికి రెండు వందల ఏళ్లకు పైనే పట్టింది.

1744లో స్కాట్లాండ్‌లోని లీత్ ఆటగాళ్లు ఒక పోటీ కోసం 13 నిబంధనలు రాసుకున్నారు. నేటికి దొరుకుతున్న గోల్ఫ్ నియమావళుల్లో అదే అతి పాతది. రెండు బంతులు ఒకదానికొకటి తాకి ఉంటే, వెనకది ఆడేదాకా ముందుదాన్ని ఎత్తి ఉంచాలని అందులో ఆరో నిబంధన. తాకకుండా దారి మూసే బంతి గురించి మాత్రం మాటే లేదు.

అలా దారి మూయడమే స్టైమీ. ఇద్దరు తలపడే మ్యాచ్ ప్లేలో ఒకరి బంతికీ హోల్‌కీ నడుమ రెండోవారి బంతి నిలిచిపోతే, రెండు బంతుల మధ్య ఎడం ఆరు అంగుళాలు దాటితే చాలు, దాన్ని తీయమని అడిగే హక్కు ఉండేది కాదు. ఆ ఆరంగుళాలు కొలవడానికి స్కోరు కార్డే కొలబద్ద. ఇక ఆడేవాడికి మిగిలినవి రెండే దారులు: గ్రీన్ వాలును వాడుకుని బంతిని పక్కనుంచి తిప్పుకురావడం, లేదా ఏటవాలు ముఖమున్న క్లబ్బుతో అడ్డు బంతి మీదుగా ఎగరేసి హోల్‌లో దించడం. గురి తప్పి అవతలి బంతిని హోల్‌లోకి నెడితే లాభం ప్రత్యర్థికే. అతను అంతకుముందు కొట్టిన స్ట్రోకుతోనే ముగించినట్టు లెక్క. 1930లో సెయింట్ ఆండ్రూస్‌లో జరిగిన బ్రిటిష్ అమెచ్యూర్ పోటీలో బాబీ జోన్స్, సిరిల్ టోలీని 19వ హోల్‌లో ఓడించింది స్టైమీతోనే. నాలుగు పెద్ద టైటిళ్లూ ఆయన ఒకే ఏడాదిలో గెలిచింది అప్పుడే.

స్టైమీని దాటడానికి గొప్ప నేర్పు కావాలి. జోన్స్ చివరిదాకా దాన్ని సమర్థించాడు కూడా. కానీ అడ్డంగా ఆగే బంతి చాలాసార్లు ఎవరూ అనుకుని ఆపింది కాదు. ఒకరు గురి తప్పితే ఆ శిక్ష బాగా ఆడినవాడికి పడడం న్యాయం కాదు. 1952లో ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ సంస్థల ఉమ్మడి నియమావళి అమల్లోకి రావడంతో స్టైమీ పోయింది. పోవడమే మంచిదైంది.

ఇప్పటి నియమావళిలో ఈ సంగతి 15.3వ నిబంధన కిందికి వస్తుంది. ఇంకొకరి బంతి తన నిలకడకో క్లబ్బు ఊపుకో అడ్డమైనా, తన బంతి వెళ్లి దానికి తగిలే అవకాశం ఉన్నా, ధ్యాస చెదిరేంత దగ్గరగా ఉన్నా, దాన్ని గుర్తుపెట్టి ఎత్తమని ఆటగాడు అడగవచ్చు. అడగాల్సింది మాత్రం ఇబ్బంది పడేవాడే. గ్రీన్ బయట ‘నా బంతి అతనికి అడ్డమేమో’ అని తనంతట తాను ఎత్తేస్తే ఒక పెనాల్టీ స్ట్రోకు. అడిగినందుకు ఎత్తినా, గ్రీన్ బయట ఆ బంతిని తుడవకూడదు, ఎందుకంటే బురద వదిలించుకోవడం అయాచిత లాభమవుతుంది. గ్రీన్ మీద ఎత్తినదాన్నయితే తుడవచ్చు. మొత్తం స్ట్రోకుల లెక్కతో సాగే స్ట్రోక్ ప్లేలో అడిగించుకున్నవాడు ఎత్తడానికి బదులు ముందు తానే ఆడేయవచ్చు.

అడ్డు తొలగించడం సులువే. సాయం సంగతే చిక్కు. హోల్ వెనక ఆగి ఉన్న బంతి, వేగంగా వచ్చే మరో బంతిని ఆపి కాపాడగలదు. స్ట్రోక్ ప్లేలో దాన్ని కావాలని అక్కడే వదిలేద్దామని ఆటగాళ్లు ఒప్పందం చేసుకుని ఆడితే, ఒప్పుకున్న ప్రతివారికీ రెండు పెనాల్టీ స్ట్రోకులు. ఇంత కఠినం ఎందుకంటే, ఆ పోటీలో ప్రత్యర్థులు పక్కనున్నవారే కాదు, మైదానంలో ఉన్న అందరూ.

అనుకోకుండా తగిలితే సంగతి వేరు. 2016 మాస్టర్స్ చివరి రోజున అగస్టాలోని 16వ హోల్‌లో లూయీ ఊస్టుహైజెన్ టీ నుంచి కొట్టిన బంతి, గ్రీన్ మీదున్న జేబీ హోమ్స్ బంతికి తగిలి హోల్‌లోకి దొర్లింది. ఒక్క స్ట్రోకుతో ముగించినట్టే లెక్కకొచ్చింది. హోమ్స్ బంతిని తిరిగి దాని చోట పెట్టారు. రెండు బంతులూ గ్రీన్ మీదే ఉండగా కొట్టి తగిలిస్తే మాత్రం స్ట్రోక్ ప్లేలో రెండు పెనాల్టీ స్ట్రోకులు తప్పవు. మ్యాచ్ ప్లేలో ఆ శిక్ష లేదు.

ఎత్తిన బంతి సరిగ్గా తన చోటికే తిరిగి రావాలి. అందుకే ఎత్తేముందు బంతి వెనకో పక్కనో ఆనించి నాణెమో మార్కరో పెడతారు. ఆ మార్కరే దారిలో పడితే, దూరంగా కనిపించే చెట్టునో మరో కదలని గుర్తునో సూటి చేసుకుని, క్లబ్బు తల వెడల్పు చొప్పున పక్కకు జరుపుతారు. తర్వాత అదే వరసలో వెనక్కి తెస్తారు. వెనక్కి తేవడం మరిచి ఆడితే తప్పు చోటినుంచి ఆడినట్టే. స్ట్రోక్ ప్లేలో రెండు స్ట్రోకులు, మ్యాచ్ ప్లేలో ఆ హోలే పోతుంది.

బంకర్‌లో రెండు బంతులు పక్కపక్కన పడినప్పుడు ఈ పట్టింపు మరీ ఎక్కువ. ఒకటి ఎత్తాక రెండోవాడు కొట్టే దెబ్బకు ఇసుకంతా చెల్లాచెదురవుతుంది. గడ్డి మీదయితే ఒక క్లబ్బు పొడవు దూరంలోపు, హోల్‌కు దగ్గర కాకుండా, మునుపటిలాంటి చోటు వెతికి బంతిని అక్కడ పెట్టాలి. ఇసుకలో అలా కుదరదు, ఆ చోటినే మునుపటిలా మళ్లీ తయారుచేయాలి. బంతి మొదట సగం కూరుకుపోయి ఉంటే, సరిచేసిన ఇసుకలోనూ అంతే కూరుకుని ఉండాలి.