ఉప్పు పట్టిన గోడకు సున్నం

హైదరాబాద్ గౌలిపురకు సముద్రం లేదు. పాత ఇళ్ల గోడలకు ఉప్పు మాత్రం తప్పదు. విశాఖ తీరంలో గాలి మోసుకొచ్చేదాన్ని ఇక్కడ నేలలోని చెమ్మ మోసుకొస్తుంది. తడి ఆరిపోయాక ఉప్పు గడ్డకట్టి, పూతను లోపల్నుంచే పెచ్చులుగా రాలుస్తుంది.

తడిగుడ్డతో తుడిస్తే ఆ ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. అందుకే సున్నం వేసే మేస్త్రీ ముందు పొడి బ్రష్షుతో రాల్చి, ఊడ్చి, బయట పారబోస్తాడు. ఆ ఓపిక చూడాలి! తర్వాత గుడ్డలో వడకట్టిన సున్నం, కాస్త బంక, చిటికెడు నీలిమందు. పలుచగా ఒక పూత, ఆరాక మరొకటి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని సున్నం గట్టిపడుతుంది, అయినా చెమ్మను బయటికి పోనిస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. 1591 నాటి చార్మినార్ రాళ్లను పట్టి ఉంచిందీ సున్నమే.

బోనాలకు ముందు ఇలాంటి మేస్త్రీ దొరికితే కూలి దగ్గర బేరమాడకండి.