సురినామ్ నది ఒడ్డున, సరమకా ఇంట

సరమకా ప్రజల ఊళ్ళలో చాలాచోట్ల రేవు నుంచి పైకి వెళ్ళే దారికి అడ్డంగా, తలకు కాస్త పైన, చీల్చిన తాటిజాతి ఆకులు వేలాడుతుంటాయి. చూడడానికి మన మామిడి తోరణంలా ఉన్నా అవి కట్టింది అలంకారానికి కాదు, ఊళ్ళోకి కీడు రాకుండా కాపు కాయడానికి. వాటి కిందుగా వచ్చిన కొత్తవాళ్ళు ముందుగా ఊరిపెద్దను కలిసి అనుమతి అడగాలి. ఆయన్ని కబిటేని అంటారు.

దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో, రాజధాని పారమరిబో నుంచి వచ్చే రోడ్డు అట్జోని రేవు దగ్గర ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ఎగువకు సురినామ్ నదే దారి. ఒకే చెట్టు మానును తొలిచి, నిప్పు సెగతో పక్కలు విప్పి చేసే పొడవాటి పడవల్లో ప్రయాణం. వెనక ఒకరు మోటారు చూసుకుంటే, ముందు ఇంకొకరు గడకర్ర పట్టుకుని నిలబడి రాళ్ళ మధ్య నీటిదారి చూపిస్తారు.

ఈ నదిని సరమకాలు పోరాడి దక్కించుకున్నారు. డచ్చివారి చెరకు తోటల్లో బానిసలుగా ఉన్న వీళ్ళ ఆఫ్రికన్ పూర్వీకులు పదిహేడో శతాబ్దం చివరి నుంచే పారిపోయి ఈ అడవుల్లో ఊళ్ళు కట్టుకున్నారు. దశాబ్దాల యుద్ధం తర్వాత 1762లో డచ్చి ప్రభుత్వమే దిగివచ్చి వాళ్ళతో సంధి చేసుకుంది. సురినామ్‌లో బానిసత్వం రద్దయింది 1863లో. అంటే అంతకు నూరేళ్ళ ముందే వీళ్ళు స్వతంత్రులు.

ఈ నది మీద టూరిస్టు లాడ్జిలు ఉన్నాయి. నన్నడిగితే ఊళ్ళో ఒక కుటుంబం దగ్గర బస చేయడమే మేలు. సరమకాల విద్యంతా ఇంటి వాకిట్లో, రోజువారీ పనిలోనే ఉంది.

వంటనే తీసుకోండి. సగ్గుబియ్యం పుణ్యమా అని కర్రపెండలం మనకు తెలిసిందే. ఇక్కడ ఎక్కువగా వాడేది చేదు రకం. దాంట్లో సైనైడ్ విషం ఉంటుంది, అలాగే తింటే ప్రాణం మీదికి వస్తుంది. దుంప చెక్కు తీసి, తురిమి, ఆ తడి తురుమును మటాపీ అనే పొడుగాటి అల్లిక గొట్టంలో కూరతారు. కూరేటప్పుడు గొట్టం పొట్టిగా, లావుగా ఉబ్బుతుంది. పైకొసను దూలానికి తగిలించి, కింది కొసలో ఒక కర్ర దూర్చి దాని మీద బరువు వేస్తారు. గొట్టం సాగుతూ సన్నబడుతుంది, అల్లిక సందుల్లోంచి విషపు రసం కారిపోతుంది. ఆ కర్ర మీద కాసేపు కూర్చుంటే చాలు, అతిథి కూడా వంటలో సాయం చేసినట్టే. పిండిన ముద్దను చిదిపి, జల్లించి, వేడి పెనం మీద పలచగా పరిచి రొట్టె కాలుస్తారు. మటాపీ ఈ నేల మూలవాసుల విద్య. పారిపోయి వచ్చినవాళ్ళు దాన్ని నేర్చుకుని తమది చేసుకున్నారు.

వరి కథ వేరు. అడవి కొట్టి, కాల్చి వేసే పోడు పొలాల్లో మెట్టవరి పండిస్తారు. ఆసియా రకాలతో పాటు ఆఫ్రికా వరి కూడా ఇక్కడ నేటిదాకా నిలిచింది. పాంజా అనే పూర్వీకురాలు తోట నుంచి పారిపోతూ జుట్టులో వడ్లు దాచుకుని వచ్చిందని సరమకాలు చెప్పుకుంటారు. ఆ వడ్లను రోట్లో దంచి చెక్క పళ్ళెంలో చెరిగే పని ఆడవాళ్ళదే. ఆ పళ్ళెం మాత్రం తరచుగా భర్తో, మనసుపడ్డవాడో చెక్కి ఇచ్చింది.

సరమకా కళ ఇలా ఇచ్చిపుచ్చుకోవడంలోనే పెరిగింది. మగవాళ్ళు దువ్వెనలు, పీటలు, తెడ్లు చెక్కి ఆడవాళ్ళకు ఇస్తారు. ఆడవాళ్ళు బట్టలు కుట్టి, సింగారించి మగవాళ్ళకు ఇస్తారు. వాళ్ళ చేతిపనిలో నన్ను అన్నిటికన్నా కట్టిపడేసేది కాయబుర్ర గిన్నె. ఇది తీగకు కాసే సొరకాయ కాదు, చెట్టుకు కాసే గుండ్రటి కాయ. దాన్ని రెండుగా కోసి, గుజ్జు తీసేసి, లోపలి పక్క పగిలిన గాజుపెంకుతో నగిషీ చెక్కుతారు. కంసాలి ఉలి కాదు, సీసాముక్క! పెంకు అంచుతో కొంత కొంతగా గీకుతూ పోతే, గీకని చోటు మెలికలు తిరిగిన ఆకారాలుగా తేలి కనిపిస్తుంది. కాయ వెలుపల చెక్కడం మాత్రం మగవాళ్ళ పని, అదే పాత పద్ధతి. లోపలి నగిషీని ఆడవాళ్ళు తర్వాతి కాలంలో సొంతంగా పెంచుకున్నారు.

బయటివాళ్ళు ఇలాంటి ప్రతి మెలికకూ ఒక గూఢార్థం అంటగడతారు. ఇది ప్రేమ, అది పాము అంటూ పట్టికలు కూడా రాశారు. సరమకాల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసిన మానవశాస్త్రవేత్తలు రిచర్డ్ ప్రైస్, శాలీ ప్రైస్ ఆ అలవాటును గట్టిగానే విమర్శించారు. గీత తీరు, వంపుల పొందిక, చెక్కినవారి నేర్పు మీదే అక్కడివాళ్ళ చూపంతా. పికిన్ స్లీ ఊళ్ళోని సరమకా మ్యూజియంలో ఈ పనితనాన్ని తీరిగ్గా చూడవచ్చు.

ఇలా ఊళ్ళో బస చేసే అతిథి ఇచ్చే డబ్బు నేరుగా ఊరికి చేరడం చిన్న విషయం కాదు. 1960ల్లో అల్యూమినియం కర్మాగారానికి కరెంటు కోసం అఫోబాకా ఆనకట్ట కట్టినప్పుడు సరమకాల నేలలో దాదాపు సగం మునిగిపోయింది, సుమారు 6,000 మంది ఇల్లూ వాకిలీ విడిచి వెళ్ళారు. తర్వాత మిగిలిన నేల మీదికి కలప కంపెనీలు వచ్చాయి. సరమకాలు కోర్టుకెక్కి, 2007లో ఇంటర్ అమెరికన్ మానవ హక్కుల న్యాయస్థానంలో గెలిచారు. ఆ నేల మీద వాళ్ళకు ఉమ్మడి హక్కు ఉందని, పెద్ద ప్రాజెక్టులకు వాళ్ళ ముందస్తు సమ్మతి కావాలని కోర్టు చెప్పింది. ఆ తీర్పును పూర్తిగా అమలు చేయించుకునే పోరాటం ఇంకా నడుస్తూనే ఉంది. నది మీద బతుకుతెరువు దొరికితే కుర్రవాళ్ళు పారమరిబోకో, బంగారు గనులకో పోకుండా ఊళ్ళోనే ఉండగలరు, ఆ నేలను కనిపెట్టుకుని ఉండగలరు.