పుట్టుక, వృత్తి, పాత్ర: అర్ధఎల్ఫు చోరునిగూర్చి

ఒక పాత్రకు దుఃఖమయమైన పూర్వకథ ఉన్నంతమాత్రాన ఆ పాత్రకు గాంభీర్యం రాదు. ఈ మాట నవలకు, నాటకానికి ఎంత వర్తిస్తుందో, గడచిన అర్ధశతాబ్దంలో అమెరికాలో పుట్టి ఇప్పుడు మన నగరాల్లోని యువకులకు కూడా పరిచితమైన ఒక కథాక్రీడకు అంతకంటె ఎక్కువగా వర్తిస్తుంది.

ఆ క్రీడలో నలుగురైదుగురు ఒక బల్లచుట్టూ కూర్చుంటారు. ఒకడు నిర్వాహకుడు. ఊళ్ళను, అడవులను, శత్రువులను అతడు వర్ణిస్తాడు. తక్కినవారు ఒక్కొక్క పాత్రను తామే కల్పించుకొని, ఆ పాత్ర మాటలను తామే మాట్లాడి, దాని పనులను తామే నిర్ణయిస్తారు. ఆ పని ఫలించినదీ లేనిదీ పాచికలు తేలుస్తవి. ఇట్లు నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి సాగే కథకు కాంపెయిన్ అని పేరు. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ప్రకటించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ తరహా క్రీడల్లో ఆద్యమైనది. ఇందులో పాల్గొనేవారు తమ పాత్రకు వ్రాసుకొనే పూర్వవృత్తాంతం ఒక పుటకు మించకపోవచ్చును. ఐనప్పటికి అది పాత్రసృష్టియే. కాబట్టి విమర్శకు తగినదే.

అట్టి పాత్రలలో మిక్కిలి తరచుగా కనుపించేది అర్ధఎల్ఫు చోరుడు. ఎల్ఫులంటే ఉత్తర ఐరోపా గాథల్లోని ఒక దివ్యజాతి. మన గంధర్వులవలె రూపవంతులు, గానప్రియులు, దీర్ఘాయువులు. ఆ జాతికి, మానవజాతికి పుట్టినవాడు అర్ధఎల్ఫు. వాని వృత్తాంతం సాధారణంగా ఇట్లు ఉంటుంది: తల్లి ఎల్ఫుకాంత, తండ్రి ఎవరో తెలియని మానవుడు. ఎల్ఫులు వానిని తమవాడు కాదన్నారు. మానవులు వాని మొనదేలిన చెవులను చూచి వెక్కిరించినారు. బాల్యంలో ఊరు తగలబడినది. దిక్కులేక దొంగలముఠాలో చేరినాడు. ఇప్పుడు ఎవరినీ నమ్మడు. ఈ వృత్తాంతాన్ని ఎన్ని చేతులు వ్రాసినా ఇంచుమించు ఇట్లే ఉండడానికి కారణమేమి? మిశ్రజన్మ, చౌర్యం, మనోవేదన అనే మూడింటి మధ్య సహజసంబంధం ఉన్నదని రచయిత విచారించకుండా అంగీకరించడమే. ఆ సంబంధం ఎక్కడినుంచి వచ్చినదో పరిశీలించవలసి ఉన్నది.

పాతగాథల్లో అది లేదు. ఐస్లాండు భాషలోని హ్రోల్ఫ్ క్రాకి గాథలో హెల్గి అనే రాజుకు, ఒక ఎల్ఫుస్త్రీకి స్కుల్డ్ అనే కుమార్తె పుడుతుంది. ఆమె కడపట సవతి సోదరుడైన హ్రోల్ఫ్ రాజును నాశనం చేస్తుంది. ఆమె మాంత్రికురాలు, రాజ్యకాంక్ష గలది. కాని దొంగ కాదు, దిక్కులేనిదీ కాదు. ఆధునికకాలంలో ఈ కల్పనకు గౌరవం కలిగించిన టోల్కీను రచనల్లో అర్ధఎల్ఫును ఎవరూ వెలివేయరు. ఎల్రోండ్, ఎల్రోస్ కవలలు. ఇరువంశాల రక్తం గల ఆ ఇద్దరికి ఒక వరం లభించినది: ఎల్ఫులలో ఒకరై లోకమున్నంతకాలం ఉండవచ్చును, లేదా మానవులలో ఒకరై మరణించవచ్చును. ఎల్రోండ్ మొదటిదానిని కోరినాడు. ఎల్రోస్ రెండవదానిని కోరి, న్యూమెనార్ ద్వీపానికి మొదటిరాజై, దీర్ఘకాలం పాలించి మరణించినాడు. యుగాలు గడచిన తర్వాత ఎల్రోండ్ కుమార్తె ఆర్వెన్ మానవుడైన అరగార్నును వరించి మరణాన్నే కోరుకొన్నది. సోదరుని పోగొట్టుకొన్న ఎల్రోండ్ కుమార్తెను కూడా పోగొట్టుకొన్నాడు. ఇచ్చట దుఃఖానికి మూలం వెక్కిరింత కాదు, తిరిగి మార్చుకొనడానికి వీలులేని వరణం.

ఇక టోల్కీను దొంగ ఎవరు? 1937లో వెలువడిన ‘ది హాబిట్’లో మరుగుజ్జులు నిధిని తెచ్చుకొనడానికి కన్నపుదొంగగా కుదుర్చుకొన్న బిల్బో బాగిన్స్ మంచి వంశంలో పుట్టిన గృహస్థు. వేళకు తిండి, వెచ్చని పొయ్యి తప్ప మరొకటి ఎరుగనివాడు. దొంగతనం వానికి వంశంనుంచి రాలేదు, ఒడంబడికనుంచి వచ్చినది. ఐతే ఆ వృత్తిలోనే వాని శీలం బయటపడుతుంది. మరుగుజ్జుల రాజు ప్రాణంకంటె ప్రియంగా భావించిన రత్నాన్ని తన దగ్గర దాచుకొని, యుద్ధం రాబోతున్నదని గ్రహించినప్పుడు దానిని అవతలిపక్షంవారికి స్వయంగా తీసికొనిపోయి ఇస్తాడు. మిత్రద్రోహమనిపించుకొన్నా సరే, రక్తపాతం తప్పాలని వాని తలంపు. టోల్కీను లోకంలో ఈ విధంగా మిశ్రజన్మ ఒకచోట, చౌర్యం మరొకచోట ఉన్నవి.

ఆ రెండింటిని ఒకచోటికి తెచ్చినది క్రీడ. 1975లో ‘గ్రేహాక్’ అనే అనుబంధగ్రంథం వెలువడినది. క్రీడాకారులు ధరించగల పాత్రలలో అర్ధఎల్ఫు చేరినది అందులోనే. చోరుడనే వృత్తి చేరినదీ అందులోనే. 1978 నాటి నియమగ్రంథం మరొక మెట్టు ఎక్కినది. దాని ప్రకారం మానవుడు ఏ విద్యలోనైనా ఎంతవరకైనా ఎదగవచ్చును. అర్ధఎల్ఫు యుద్ధవిద్యలోగాని, మంత్రవిద్యలోగాని ఎంత బలవంతుడైనా, ఎంత బుద్ధిమంతుడైనా 8వ మెట్టు దాటరాదు. చౌర్యవృత్తిలో అట్టి ఎల్ల లేదు. దీర్ఘకాలం సాగే కథలో తన పాత్ర ఎదగాలని కోరుకొనే ఆటగాడు ఏ దారి పట్టుతాడో వేరే చెప్పనక్కరలేదు. అర్ధఎల్ఫు చోరుడైనది వాని రక్తంవలన కాదు. తక్కిన ద్వారాలలో పెక్కింటికి గడియపెట్టిన నియమంవలన. తర్వాతితరం రచయితలు ఆ నియమాన్ని మరచి, ఫలితాన్ని మాత్రం స్వభావమని వర్ణించసాగినారు. 2000లో వచ్చిన మూడవకూర్పు ఈ ఎల్లలను తొలగించినది. చోరుడనే పేరును కూడ మార్చి ‘రోగ్’ అన్నది. అప్పటికి అలవాటు నాటుకొన్నది.

ఇది కల్పితలోకానికి సంబంధించిన ముచ్చట అని తెలుగు రచయిత త్రోసివేయరాదు. ఈ తర్కాన్ని మన నేలమీద చట్టంగా అమలుపరచినారు. 1871లో బ్రిటిషు ప్రభుత్వం చేసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మదరాసు రాజధానికి కూడ వ్యాపించినది. ఉప్పును, ధాన్యాన్ని పశువులమీద మోసికొనిపోయి ఊరూరా అమ్ముకొని బ్రతికిన ఎరుకలవారి వర్తకాన్ని ఉప్పుపై ప్రభుత్వపు నియమాలు, రైలుమార్గాలు దెబ్బతీసినవి. జీవనోపాధి పోయిన తర్వాత వారిని పుట్టుకచేతనే దొంగలని పోలీసు పట్టీల్లో వ్రాసినారు. బాపట్ల సమీపాన గల స్టూవర్టుపురం ఆ చట్టంక్రింద ఏర్పడిన సెటిల్మెంటు. 1952లో చట్టం రద్దైనది. కాని స్టూవర్టుపురమంటే దొంగలని చెప్పే అలవాటు మన చలనచిత్రాల పేర్లలో సైతం 1991 వరకు నిలిచియున్నది. దారి మూసినవాని మాట ఎత్తకుండ దొంగ పుట్టుకను మాత్రమే వర్ణించే కథ, వ్రాసినవాని ఉద్దేశం ఎంత కరుణామయమైనా, ఆ పోలీసుపట్టీకే సాక్ష్యం పలుకుతుంది.

చోరుని పాత్రను ఎట్లు పోషించాలో మనకు శూద్రకుడు ఏనాడో చూపినాడు. మృచ్ఛకటికంలోని శర్విలకుడు వేదవిదుడైన బ్రాహ్మణుని కుమారుడు. ప్రియురాలైన మదనికను దాస్యంనుంచి విడిపించడానికి ధనం కావాలి. అందుకై చారుదత్తుని ఇంటికి కన్నం వేస్తాడు. కొలతదారం మరచివచ్చినాడు గనుక యజ్ఞోపవీతంతో గోడను కొలుస్తాడు. తన కులమేమో, తాను చేస్తున్న పనియేమో వానికి తెలుసు. ఆ తెలివియే వాని వేదన. పైగా దొంగిలించిన నగలు మదనిక యజమానురాలైన వసంతసేనవే అని తేలినప్పుడు వాని చర్య వానిమీదికే తిరిగివస్తుంది. శర్విలకుని బాల్యంగూర్చి నాటకంలో ఇంచుమించు ఏమీ లేదు. ఐనా వాడు మన ఎదుట నిలుస్తాడు. ఏమంటే వాని దుఃఖం ఇప్పుడు, ఈ రాత్రి, ఈ గోడముందు వాడు చేయవలసిన నిర్ణయంలో ఉన్నది.

క్రీడనుంచి పుట్టిన నవలల్లో దీనికి సమీపంగా వచ్చినది ‘డ్రాగన్‌లాన్స్’ గ్రంథాల్లోని టానిస్. 1984లో మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్మన్ వ్రాసిన నవలతో అతడు పాఠకలోకానికి పరిచితుడైనాడు. ఎల్ఫుస్త్రీపై మానవుడొకడు జరిపిన అత్యాచారంవలన పుట్టినవాడు; ఎల్ఫుల రాజగృహంలో పెరిగినవాడు. ఎల్ఫులకు గడ్డం మొలవదు. టానిస్ గడ్డం పెంచుకొని తనలోని మానవాంశను లోకానికి చాటుతాడు. ఒక పుటెడు ఆత్మనిందకంటె ఈ చిన్న వివరం బలమైనది. లారానా అనే ఎల్ఫుకన్యను, కిటియారా అనే మానవస్త్రీని ఇద్దరిని ప్రేమించి, కిటియారా శత్రుసేనాని అని తెలిసికూడ ఆమెవద్ద గడపి, ఆ సంగతి మిత్రులకు దాస్తాడు. దాని ఫలం లారానా అనుభవించవలసి వస్తుంది. ఈ గ్రంథాల శైలి సామాన్యమైనదే. టానిస్ తన రెండు రక్తాలగూర్చి చేసే ఆలోచన పలుచోట్ల పునరుక్తిగా కూడ తోస్తుంది. ఐతే వాని ద్వైధీభావం ఇతరులకు నష్టం కలిగించే చర్యగా మారినచోట పాత్ర ప్రాణం పోసుకొంటుంది. టానిస్ దొంగ కాకపోవడం కూడ గమనింపదగినది.

కాబట్టి అర్ధఎల్ఫు చోరుని కల్పించదలచినవాడు ఆ జన్మకు సహజమైన దుఃఖమేదో మొదట వెదకవలెను. అది ఆయుర్దాయంలో ఉన్నది. 2014 నాటి నియమగ్రంథం ప్రకారం ఎల్ఫు 750 ఏండ్లవరకు, అర్ధఎల్ఫు 180 ఏండ్లకు పైబడి జీవించగలరు. అంటే వాడు తండ్రివైపు తోబుట్టువులందరి చావును చూస్తాడు. వాని చావును తల్లి చూస్తుంది. ఇరువంశాలు వానిని ప్రేమించినప్పటికి ఈ దుఃఖం తప్పదు.

ఉదాహరణకు ఇట్టివానిని ఊహించవచ్చును. వానికి 75 ఏండ్లు, ముప్పదియేండ్లవానివలె కనుపిస్తాడు. తండ్రికి మానవస్త్రీయందు పుట్టిన చెల్లెలు 70 ఏండ్ల ముదుసలి, చూపు పోయినది. 50 ఏండ్ల క్రిందట, ఆమె పెండ్లినాటి నగలు వాడే దొంగిలించి ఊరు విడిచినాడు. ఓడరేవులో కూలిపనికైనా ఎల్ఫుచెవులవానిని చేర్చుకొనరాదని ఆ ఊరి శ్రేణుల కట్టుబాటు. ఇప్పుడా నగలను ఆమె బ్రతికియుండగా తిరిగి ఇవ్వాలి. అవి ఒక షావుకారు పెట్టెలో ఉన్నవి. ఒంటరిగా సాధ్యం కాదు, తోడు కావాలి. ఆ తోడువారితో నిజం చెప్పాలా? నగలు చేతికిచ్చినప్పుడు ముసలిచెల్లెలు వాని గొంతు విని, ఆనాటి యౌవనం ఏమాత్రం తరగని ఆ గొంతును గుర్తుపట్టితే ఏమగును? ఈ వృత్తాంతంలో ఊరు తగలబడలేదు. దారి మూసినవారెవరో చెప్పబడినది. ఐతే ఆ కట్టుబాటు చెల్లెలి నగలు తీయమని వానికి చెప్పలేదు. ఆ తప్పు వానిది.

ఇందులో మరొక సంగతి ఉన్నది. నవలారచయిత పాత్రను తుదివరకు తన చేతిలో ఉంచుకొంటాడు. కథాక్రీడలో అట్లు కాదు. పూర్వవృత్తాంతం వ్రాసినవాడు దానిని నలుగురి ముందు పెట్టి, వారి మాటలకు, పాచికల పాటుకు అప్పగించవలెను. ఎవరినీ నమ్మనివాడు, గతమంతా ముగిసిపోయినవాడు ఆ బల్లవద్ద మూగవాడు. తక్కినవారు వానికి ఏ మేలూ చేయలేరు, ఏ కీడూ చేయలేరు. తీర్చవలసిన ఋణం, ఇంకా ఇయ్యని సమాధానం ఉన్నవానితోనే కథ సాగుతుంది. మన హరికథకుడు, బుఱ్ఱకథలోని వంతలు శ్రోతల ఎదుట కథను నడిపే తీరు ఎరిగినవారికి ఇది దుర్గ్రాహ్యం కాదు.

చివరకు అనువాదకునిగా ఒక మాట. ఈ పాత్రను తెలుగులోనికి తెచ్చేటప్పుడు ఏ పేరు పెట్టవలెను? ‘సంకరజాతి’ అంటే ధర్మశాస్త్రాల నింద వెంటవస్తుంది. ‘అర్ధ’ అంటే ఏదో కొరవడినట్లు ధ్వనిస్తుంది. వ్యవహారంలో ఉన్నది గనుక ఈ వ్యాసంలో దానినే వాడినాను. ‘ఉభయవంశజుడు’ అనే మాట నాకు మేలుగా తోస్తున్నది. దానిలో లోపం లేదు, రెండు ఋణాలు ఉన్నవి. 2024లో వెలువడిన కొత్త నియమగ్రంథంలో అర్ధఎల్ఫు ప్రత్యేకజాతిగా కనుపించడు. ఆ తొలగింపును కొందరు మెచ్చుకొన్నారు, కొందరు నొచ్చుకొన్నారు. పట్టికలో పేరున్నా లేకున్నా అట్టివాని కథలు వ్రాసేవారు వ్రాస్తూనే ఉంటారు. తెలుగులో వ్రాయబూనినవారు వాని చెవుల వర్ణన ముగించి, ఏ తలుపు వానికి మూసినారో, మూసిన తలుపుముందు నిలిచి వాడేమి చేసినాడో చెప్పితే, ఆ పాత్ర మన సాహిత్యంలో కూడ నిలువగలదు.