పెరట్లో నిప్పుకు చోటు

పుదుచ్చేరికి దక్షిణాన సముద్రాన్ని ఆనుకుని ఉన్న జాలరిపల్లె వీరాంపట్టినం. ఊరి దేవత సెంగళునీర్ అమ్మన్. ఆమె వెలసిన తీరు గురించి అక్కడ తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. ఒక జాలరి వలలో ఆ రోజు చేపలు పడలేదు, బరువైన దుంగ పడింది. ఇంటికి మోసుకొచ్చి పెరట్లో పడేశాడు. కొన్నాళ్ళకు పొయ్యిలోకి కట్టెలు నిండుకుంటే ఇల్లాలు గొడ్డలి తీసుకుని ఆ దుంగను చీల్చబోయింది. దెబ్బ పడ్డ చోట నెత్తురు చిమ్మింది. ఆ దుంగనే దేవతగా కొలిచారు, తర్వాత గుడి కట్టారు. తమిళుల ఆడి మాసం ఐదో శుక్రవారం నాడు జరిగే ఆ తల్లి తేరును లాగడానికి ఫ్రెంచివాళ్ళ కాలంలో గవర్నరు వచ్చేవాడు. ఇప్పుడు లెఫ్టినెంట్ గవర్నరు వస్తారు.

ఈ కథలో నాకు పెరడు ముఖ్యం. దుంగ వచ్చి పడింది పెరట్లో, కట్టెలు అక్కడే కొడతారు, పొయ్యి ఉన్నదీ ఆ దగ్గరే. ఇంటికి కాస్త ఎడంగా, ఆకాశం కింద మట్టితో ఒక అగ్నిస్థానం కట్టుకోవడం ఈ తీరమంతటా, శ్రీకాకుళం నుంచి నాగపట్నం దాకా, ఇల్లు కట్టుకోవడంతో పాటే నేర్చుకున్న పని. ఇవాళ తోట ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు ఆరుబయట మంట కావాలని ఇనుప తొట్లు, సిమెంటు పొయ్యిలు కొని తెచ్చుకుంటున్నారు. మంట మీద మక్కువ తిరిగి రావడం సంతోషమే. కానీ ఎండకూ వానకూ ఉప్పుగాలికీ మధ్య మంటను ఎలా నిలపాలో ఈ తీరం మట్టికి ముందే తెలుసు. ఆ తెలివిని వదిలేసి ఏడాదికే తుప్పు పట్టే డొక్కును కొనుక్కోవడం నాకు బాధగా ఉంటుంది.

ముందు మట్టి సంగతి. ఒట్టి బంకమట్టి పొయ్యికి పనికిరాదు. తడిలో అది చెప్పిన మాట వింటుంది గాని ఆరేటప్పుడు కుంచించుకుపోయి బీటలు వారుతుంది. అందుకే చెరువు మట్టిని నానబెట్టి, రాళ్ళూ వేళ్ళూ ఏరి, కాళ్ళతో తొక్కి, అందులో ఇసుకా ఊకా కలుపుతారు. గడ్డిని చిన్న ముక్కలుగా నరికి వేసేవాళ్ళూ ఉన్నారు. ఊక మొదటి మంటల్లో కాలిపోయి, ఉన్నచోట సన్నని ఖాళీలు మిగులుస్తుంది. పొయ్యికి ఆయుష్షు ఇచ్చేవి ఆ ఖాళీలే. లోపలి గోడ నిప్పుతో వ్యాకోచిస్తుంది, బయటి గోడ చల్లగానే ఉంటుంది. ఆ లాగుడుకు పుట్టిన సన్నని పగులు పాకుతూ వెళ్ళి ఒక ఖాళీని తగిలి అక్కడ ఆగిపోతుంది. నున్నగా, గట్టిగా కాలిన పింగాణీ లాంటి దానిలో పగులును ఆపేది ఏదీ ఉండదు, ఒక్క దెబ్బకు రెండు ముక్కలవుతుంది. పొయ్యిమట్టి గరుకుగా ఉండడం దాని నాసితనం కాదు, బలం.

ఇసుక దగ్గర సముద్రతీరపు మెలకువ ఒకటుంది. ఇంటి ముందే కావలసినంత ఇసుక ఉన్నా, కాల్చే వస్తువులోకి దాన్ని తీసుకోకూడదు. అందులో ఉప్పు ఉంటుంది, గవ్వల పొడి ఉంటుంది. గవ్వ అంటే సున్నం. ఆవంలో బాగా కాలిన గవ్వముక్క పొడిసున్నంగా మారి, తర్వాత గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది. అప్పుడు పాత్ర గోడలోంచి చిన్న బిళ్ళలా పెచ్చు ఎగిరిపోతుంది. ఉప్పు చేసే హాని మరోరకం. తడికి కరిగి, ఎండకు మళ్ళీ పలుకులు కట్టి, పైపొరను పొడిపొడిగా రాల్చేస్తుంది. కనుక ఏటి ఇసుకే కావాలి.

కట్టే తీరు రెండు రకాలు. ఇంటివాళ్ళు తామే పెరట్లో కట్టుకునేది పచ్చిమట్టి పొయ్యి. మట్టిముద్దలు వరసగా పేర్చి, ఒక పక్క నోరు వదిలి, గుర్రపు నాడా ఆకారంలో గోడ లేపుతారు. పైన మూడు గుబ్బలు పెడతారు. వాటిని చూసి కుండ నిలవడానికి పెట్టిన మూడు కాళ్ళే అనుకుంటాం. అవి అంతకన్నా ఎక్కువ పని చేస్తాయి. కుండ అడుగుకూ పొయ్యి అంచుకూ మధ్య ఎంత సందు ఉండాలో నిర్ణయించేవి అవే. సందు తక్కువైతే పొగ పోవడానికి దారిలేక మంట నోట్లోంచి వెనక్కి తంతుంది. ఎక్కువైతే వేడి కుండను తాకకుండానే వెళ్ళిపోతుంది. వేళ్ళ మందంతో కొలిచి గుబ్బ ఎత్తు చెప్పే ముసలమ్మలు కొలబద్ద లేని ఇంజినీర్లు. గుబ్బలు కాస్త లోపలికి వాలి ఉంటే గుండ్రటి అడుగున్న కుండ కదలకుండా కూర్చుంటుంది.

రెండోది కుమ్మరి చేసి కాల్చిన పొయ్యి. సారె మీద అడుగు లేని వెడల్పు పాత్రలా లేపి, సగం ఆరాక నోరు కోసి, గుబ్బలు అతికిస్తాడు. పూర్తిగా ఆరాక అతికిస్తే పట్టదు, మరీ పచ్చిగా ఉంటే గోడ జారుతుంది. ఆ మధ్య గడియ పట్టుకోవడమే పనితనం. తర్వాత కట్టెలతో, గడ్డితో కప్పిన ఆవంలో సుమారు 700 నుంచి 900 డిగ్రీల వేడికి కాలుస్తారు. ఇంకా పైకి వెళ్తే మట్టి గాజుబారడం మొదలై ఆ ఖాళీలు మూసుకుపోతాయి. తక్కువ వేడికి కాలింది కనకనే అది మంటకు తట్టుకుంటుంది.

ఏ రకమైనా నీడలోనే ఆరాలి. ఎండలో పెడితే పైన గట్టిపడి లోపల తడి మిగులుతుంది. అలాంటి పొయ్యిలో మొదటిరోజే పెద్దమంట వేస్తే లోపలి నీరు ఆవిరై గోడను చీల్చుకుని బయటికొస్తుంది. అందుకే మొదట చిదుగులతో చిన్న మంట, ఆర్పి చల్లారనివ్వడం, మర్నాడు కాస్త పెద్దది. ఇలా నాలుగైదు సార్లు అయ్యాకే కట్టె పెట్టాలి. పేడ, ఎర్రమట్టి కలిపి అలకడం కేవలం అందానికి కాదు. పేడలోని సన్నని పీచు బీటలను పట్టి ఉంచుతుంది. వారం వారం అలుకుతూ ఉంటే పొయ్యి తన గాయాలను తానే మాన్పుకున్నట్టు ఉంటుంది.

వీరాంపట్టినం లాంటి చోట గాలి లెక్క తప్పనిసరి. పగలు గాలి సముద్రం మీంచి వస్తుంది, రాత్రి చల్లబడ్డాక నేల మీంచి సముద్రం వైపు తిరుగుతుంది. పొయ్యి నోరు నేరుగా తూర్పుకు ఉంటే మధ్యాహ్నం కట్టె భగ్గున మండి గంటకు కావలసింది పావుగంటకే అయిపోతుంది, నిప్పురవ్వలు తాటాకు కప్పు మీదికి లేస్తాయి. నోటిని ఉత్తరానికో దక్షిణానికో తిప్పి, తూర్పున మోకాలెత్తు మట్టిగోడ కడితే గాలి పక్కనుంచి అవసరమైనంతే లోపలికి వస్తుంది. కట్టె విషయంలో ఈ తీరం అదృష్టవంతురాలు. సరుగుడు తోటలు దగ్గరే. సరుగుడు బరువైన కట్టె, ఎక్కువ వేడినిచ్చి బొగ్గుగా చాలాసేపు నిలుస్తుంది. కొబ్బరిమట్ట రాజేయడానికి మంచిది, చిప్ప చివరి వేడికి మంచిది. చేపల పులుసు లాంటి వంటకు కావలసింది ఈ వరసే: ముందు మంట, తర్వాత నిప్పుల సెగ. మట్టిగోడ పట్టి ఉంచుకున్న వేడి మీద పులుసు దగ్గరపడుతుంది, ముక్క చితకదు.

తమిళ ఇళ్ళలో కొడి అడుప్పు అనే జంట పొయ్యి ఉంది. పెద్ద పొయ్యి పక్కనే చిన్నది, రెండింటికీ మధ్య మట్టిలోనే ఒక దారి. కట్టె పెట్టే నోరు ఒకటే. ముందు పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే, తప్పించుకుపోయే వేడి పక్కదానిలోకి వెళ్ళి చారును కాస్తుంది. మన తెలుగు పెరళ్ళలోనూ ఒక్కో పనికి ఒక్కో నిప్పు ఉండేది. పెళ్ళివంటకు నేలలో తవ్విన గాడిపొయ్యి. పాలు రోజంతా ఎర్రగా కాగడానికి పిడకలతో దాలి. చలికి, పసిబిడ్డ గదిలో వెచ్చదనానికి ఎక్కడికైనా ఎత్తుకెళ్ళగల కుంపటి. రంపపు పొట్టును గట్టిగా దట్టించి, నడుమ కర్రతో బెజ్జం ఉంచి, కింద నుంచి రాజేసే పొట్టుపొయ్యి. అందరూ చుట్టూ కూర్చోడానికి నెగడు. తోటలో మంట పక్కన కూర్చోవాలనుకునే వాడికి మెక్సికో మట్టిపొయ్యి చిమినేయా ఒక్కటే గుర్తుకొచ్చేంతగా ఇవన్నీ ఎందుకు మరుగున పడ్డాయో ఆలోచించాలి.

మెక్సికో వారి చిమినేయాను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అది కూడా మట్టిబిడ్డే. లావు పొట్ట, ఒక పక్క నోరు, పైకి సన్నని మెడ. వేడిగాలి తేలికై మెడలోంచి పైకి లేస్తే కింది నోటి నుంచి కొత్తగాలి దానంతట అది లోపలికి వస్తుంది, పొగ ముఖానికి కొట్టదు. దాన్ని వాడేవారు అడుగున ఇసుక పోస్తారు, మొదట్లో చిన్న మంటలతో అలవాటు చేస్తారు, వానకు కప్పుతారు. ఎంత దూరాన ఉన్నా మట్టి అడిగే మర్యాదలు అవే. కూర్చుని చలి కాచుకోడానికి అది బాగుంటుంది. వండుకోవాలంటే మాత్రం మన పొయ్యే మేలు.

వీరాంపట్టినం పక్కనే, అరియాంకుప్పం ఏటి ఒడ్డున అరికమేడు అనే పాత రేవు ఉంది. అక్కడ 1945లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్, తర్వాత 1947 నుంచి జాఁ మారీ కజాల్ తవ్వారు. కజాల్ 1949లో పారిస్‌లో ప్రచురించిన నివేదిక పేరులో అరికమేడు కన్నా ముందు ఉన్నది వీరాంపట్టినమే. 1989 నుంచి 1992 దాకా విమలా బెగ్లీ బృందం మళ్ళీ తవ్వి ఆ రేవు చరిత్రను రోమన్ వర్తకం కన్నా వెనక్కి జరిపింది. ప్రపంచానికి ఆ చోటు తెలిసింది ఇటలీ నుంచి వచ్చిన ఎర్రని మెరుగు పాత్రల వల్ల, ద్రాక్షసారా జాడీల ముక్కల వల్ల. కాలం తేల్చడానికి అవి ఉపయోగపడ్డాయి కనక వాటికి ఆ గౌరవం న్యాయమే. కానీ దొరికిన పెంకుల్లో ఎక్కువ భాగం ఇక్కడి మట్టితో ఇక్కడి చేతులు చేసినవే. రెండువేల ఏళ్ళనాడు రేవులో దిగిన నావికుడికి అన్నం వండి పెట్టినవి ఆ కుండలే. వాటిని వదిలి అరికమేడు గురించి మాట్లాడడం సగం మాటే.

పొగ గురించి నిజాయితీగా చెప్పాలి. ఇంటి లోపలి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో ఎక్కువమంది కట్టె, పిడక, బొగ్గు మీద వండే ఇళ్ళవాళ్ళు. కిటికీ లేని గదిలో రోజూ మూడుపూటలా ఊదుతూ కళ్ళు పోగొట్టుకున్న తల్లుల ముందు మట్టిపొయ్యి గొప్పలు చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఈ బాధను ముందే పట్టుకున్నవాడు మన హైదరాబాదు ఇంజినీరు ఎస్.పి. రాజు. అక్కడి ఇంజినీరింగ్ పరిశోధనశాలలో ఆయన పొగగొట్టం ఉన్న మట్టిపొయ్యి రూపొందించి, కోట్లమందికి పొగలేని వంటగది అనే ఆశయంతో 1953లో ఇంగ్లీషులో చిన్న పుస్తకం అచ్చువేశారు. ఒకే నోటిలో పెట్టిన కట్టెతో వరసగా కొన్ని పాత్రలు కాగి, పొగ గొట్టం గుండా కప్పు దాటిపోవాలన్నది ఆయన పద్ధతి. ఆ పొయ్యికి ఖరీదు మట్టి, మనిషి శ్రమ, అంతే. 1980లలో ప్రభుత్వం పొగలేని పొయ్యిల పథకం తెచ్చింది, 2016లో ఉజ్జ్వల పథకంతో గ్యాసు వచ్చింది. రోజువారీ వంట గ్యాసు మీదికి వెళ్ళడం మంచిదే, వెళ్ళాలి కూడా. దానివల్ల మట్టిపొయ్యి అనవసరం అయిపోలేదు. ఇంటి లోపల మోయలేని బరువు దించుకుని తన అసలు చోటికి, నాలుగు వైపులా గాలి ఆడే పెరట్లోకి తిరిగి వచ్చింది. అక్కడ కూడా తడికట్టె, ప్లాస్టిక్, రంగు పూసిన చెక్క వేయకూడదు.

పండుగ మట్టిపొయ్యిని ఎన్నడూ వదల్లేదు. ఆడి మాసంలో ఈ ప్రాంతపు అమ్మవారి గుళ్ళ ముందు పెద్ద పాత్రల్లో రాగి అంబలి కాచి పంచుతారు. పొంగలినాడు వాకిట్లో కొత్తపొయ్యి, కొత్తకుండ పెట్టి, పాలు పొంగిన క్షణంలో అందరూ ఒక్కసారిగా కేక వేస్తారు. ఆ రోజుల కోసమే పుదుచ్చేరి చుట్టుపక్కల కుమ్మరులు ముందు నెలంతా పొయ్యిలూ కుండలూ చేస్తారు. పట్టణానికి పడమట ఉన్న విల్లియనూరు మట్టిబొమ్మల పనికి భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ కళలో పేరుపొందిన వి.కె. మునుసామికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పట్టణంలోనే 1971లో రే మీకర్, డెబోరా స్మిత్ స్థాపించిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ నుంచి ఎందరో పింగాణీ కళాకారులు తయారయ్యారు. మీకర్ పచ్చిమట్టి ఇటుకలతో ఇల్లు కట్టి ఆ ఇంటినే ఆవంలా కాల్చి చూశాడు. బొమ్మకూ పింగాణీకీ దక్కిన ఈ మన్నన పొయ్యి చేసే కుమ్మరికి దక్కలేదు. అతను ఇప్పటికీ రోడ్డు పక్కన గోనెసంచి పరిచి, వారం పనిని బేరంలో సగానికి ఇచ్చేస్తున్నాడు.

తోటకు పొయ్యి కావాలనుకుంటే అతని దగ్గరికే వెళ్ళి చేయించుకోవచ్చు. ఎందరు కూర్చుంటారో, ఏ కట్టె వాడతారో, గాలి ఏ వైపు నుంచి వస్తుందో చెబితే నోటి వెడల్పు, గోడ మందం అతనే తేలుస్తాడు. కూర్చుని చలి కాచుకోడానికే అయితే వెడల్పు నోరు, పొట్టి గోడ. వంటకైతే మీ కుండనే తీసుకెళ్ళి గుబ్బల మధ్య పెట్టి చూపించాలి. వేలితో తడితే ఖంగుమనాలి. మొద్దుగా మోగితే ఎక్కడో పగులు ఉంది, లేదా సరిగా కాలలేదు. ఈ తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, ఆ రోజుల్లో మట్టి ఆరదు, ఆవం మండదు. అందుకే వాన వెనకబట్టగానే కుమ్మరి చేతికి తీరిక ఉండదు, పండుగ సరుకంతా ఆ కొద్ది వారాల్లోనే కాలాలి. ప్రత్యేకంగా చేయించుకునేవాళ్ళు పొంగలి దాటాక, ఎండలు బాగా కాసే మాఘ ఫాల్గుణాల్లో చెప్పడం మంచిది. అప్పుడైతే నీడలో నింపాదిగా ఆరుతుంది, అతనూ బేరం లేకుండా తన ధర తాను చెప్పగలుగుతాడు.