ఎటకారం మనది, పుస్తకం ఎవుడిది?

తెలుగులో హాస్యం అనగానే చిలకమర్తి, మొక్కపాటి, భమిడిపాటి, మునిమాణిక్యం అని అప్పజెప్పేస్తారు. మా కె.కోటపాడు వైపు పేటల్లో పుట్టినోడికి ఈ జాబితా వింటేనే నవ్వొస్తుంది. నాట్లకి దిగిన కాడ్నించి కూలిడబ్బులు లెక్కపెట్టుకునే దాకా మావాళ్ళు ఆడే ఎటకారం ఏ పుస్తకంలోకీ ఎందుకెక్కలేదు?

అది కాలక్షేపం మాట కాదు. ఎదురు చెప్తే పని పోయే చోట, అణకువగా వినపడుతూనే ఎదురు తిరిగే మాట. ఓసారి గట్టు మీద ఒక ఆసామి మా సిన్నాన్నని అడిగాడు: "ఏరా, మీ కుర్రోళ్ళందరూ సదువులకెల్లిపోతే మా పొలాలెవుడు దున్నుతాడ్రా?" సిన్నాన్న తలగుడ్డ తీసి చేత పట్టుకునే అన్నాడు: "మీకేటి బెంగ బావూ? మీ కుర్రోళ్ళు సదువొగ్గీసినారు గదేటి!"

దీన్ని కాగితం మీద పెట్టడం వేరే పని. కాగితానికి సిన్నాన్న గొంతు లేదు. ఆ గొంతు చేసే పనిని రాసేవాడు వాక్యంతో చెయ్యాలి. తలగుడ్డని ముందే చూపించాలి. ఆసామి ప్రశ్నని పూర్తిగా అడగనివ్వాలి. దెబ్బ చివర్న పడాలి. "అంటే ఇక మీవాళ్ళే దున్నుకోవాలి" అని వివరిస్తే కత చచ్చిపోతుంది. "మానేశారు కదా" అని యాస దిద్దితే అది మేష్టారి జవాబైపోతుంది, కూలోడి జవాబు కాదు.

ఈ విద్య మన ఉత్తరాంధ్రలోనే ఉంది. 1909 నాటి కన్యాశుల్కంలో గురజాడ గిరీశాన్ని తిట్టడు, మాట్లాడనిస్తాడు. వాడి మాటలే వాణ్ణి పట్టిస్తాయి. అది మనం నేర్చుకోవాలి. కానీ అదే నాటకంలో లుబ్ధావధాన్లు పాలేరు అసిరి ఉన్నాడు. మన ఊళ్ళ పేరు, మన ఊళ్ళ నోరు. ఆ ఇంటి బాగోతం గురించి తన పేటలో ఏమని నవ్వుకున్నాడో ఆ నాటకం చెప్పదు. రావిశాస్త్రి ఆరు సారా కథల్లో నవ్వు పోలీసు మీదికీ కోర్టు మీదికీ తిరిగింది. అయినా అది మన పక్షాన నిలబడ్డ ప్లీడరు చూపే, ముద్దాయి చూపు కాదు.

ఆ చూపు నాగప్పగారి సుందర్రాజు 'మాదిగోడు' (1997)తో, ఎండ్లూరి సుధాకర్ 'మల్లెమొగ్గల గొడుగు' (1999)తో వచ్చింది. అక్కడ కత చెప్పేవాడే వాడలోని మనిషి. అమెరికాలో నల్లకవి లాంగ్‌స్టన్ హ్యూజ్ 1943 నుంచి చికాగో డిఫెండర్ పత్రికలో 'సింపుల్' అనే హార్లెం మనిషి కబుర్లు రాశాడు. తనవాళ్ళ పత్రికలో, తనవాళ్ళ భాషలో, తనవాళ్ళు చదివి నవ్వుకునేలా రాశాడు.

కారంచేడు (1985), చుండూరు (1991) చూసినవాళ్ళం, మనకి నవ్వులేటి అని కార్యకర్తలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మన నవ్వుని మనం రాయకపోతే అది ఖాళీగా ఉండదు. సినిమావాడు మన యాసని పనోడి నోట్లో పెట్టి, మన మీదే నవ్విస్తాడు.

అందుకని విద్యార్థులారా, మీ అప్ప అన్న మాట, మీ తాత అన్న మాట యాసతో సహా రాసిపెట్టండి. ఎవుడి ముందు అన్నారో, ఏ పనిలో అన్నారో అదీ రాయండి. రాశాక పేటలో చదివి వినిపించండి. వాళ్ళు నవ్విన చోట ఉంచండి, మీరు వివరించిన చోట కొట్టేయండి.